మెషిన్లు లేకుండా మొదటి రాతబల్ల చేయొచ్చా? పైన పుస్తకాల అర కుంగకుండా ఏం చేయాలి?

కొత్తచేయి
రాసుకోడానికి ఒక బల్ల, దాని మీద పుస్తకాలకి ఒక అర, రెండూ నేనే చేసుకుందామని చూస్తున్నా. రెడీమేడ్‌వి చూస్తే ఒకటి నా గోడకి ఎక్కువ పొడుగు, ఇంకోటి మరీ పొట్టి. సరే నేర్చుకుందామని వీడియోలు పెడితే ప్రతి ఒక్కడూ "సింపుల్ బల్ల, ఎవరైనా చేసేయొచ్చు" అంటాడు, కెమెరా తిప్పితే వెనకాల టేబుల్ సా, ప్లేనరు, పొట్టు పీల్చే మెషిను, అదొక చిన్న ఫ్యాక్టరీ. నా దగ్గర డ్రిల్లు, చేతి రంపం, సుత్తి, కొలతల టేపు ఉన్నాయి అంతే. వీటితో అవుతుందా అవదా సూటిగా చెప్పండి. ఇంకో డౌటు, ఇప్పుడున్న పాత షెల్ఫులో అరలన్నీ మధ్యలో కిందకి కుంగిపోయాయి, కొత్తది అలా అవకూడదంటే ఎంత మందం ప్లై తీసుకోవాలి?

రంపపుపొట్టు
అవుద్ది. నెక్స్ట్ క్వశ్చన్.

మూలమట్టం
అవుతుంది గానీ పెద్ద షీటు చేతి రంపంతో కోద్దామని మాత్రం కూర్చోకండి. 2440 × 1220 మిమీ షీటు ఒక్కరే పట్టుకుని తిన్నగా కోయడం అనుభవం ఉన్నవాళ్ళకే తిప్పలు. ప్లై అమ్మేవాళ్ళ దగ్గర ప్యానెల్ సా ఉంటే అక్కడే ముక్కలు కోయించేసుకోండి. పెద్ద కోతలు వాళ్ళ మెషిను మీద అయిపోతే మీకు ఇంట్లో మిగిలేది బెజ్జాలు, స్క్రూలు, జిగురు, సాండింగ్. వాటికి మీ డ్రిల్లు చాలు. అదనంగా ఒక మంచి మూలమట్టం (మూల తిన్నగా ఉందో చూసే ఎల్ ఆకారం పనిముట్టు), అతికినవి పట్టి ఉంచడానికి నాలుగు క్లాంపులు కొనుక్కోండి. (పేరు చూసి నవ్వొద్దు, మూలమట్టం నిజంగానే మొదట కొనాల్సింది.)

సగం_పని
క్లాంపులు నాలుగు చాలంటున్నారు, ఈ ఫోరంలో ఎవరికైనా ఎప్పుడైనా క్లాంపులు సరిపోయాయా అసలు

లెక్కలమాస్టారు
మందం ఎంత అని అడిగారు కానీ అసలు విలన్ మందం కాదు, పొడుగు. రెండు చివర్లూ ఆనించి మీద పుస్తకాలు వరసగా పేరిస్తే అర కుంగుడు పొడుగు నాలుగో ఘాతంతో పెరుగుద్ది, మందం మూడో ఘాతంతో తగ్గుద్ది. అంటే పొడుగు సగం చేస్తే కుంగుడు 16వ వంతుకి పడిపోద్ది. అదే 18 మిమీ తీసేసి 25 మిమీ వేస్తే రెండున్నర రెట్ల పైచిలుకు తగ్గుద్ది, అంతే, బరువూ ఖర్చూ మాత్రం పెరుగుతాయి. మీటరు పొడుగున పుస్తకాలు నింపితే 25–30 కిలోలు తేలిగ్గా ఉంటాయి, పెద్ద అట్టల పుస్తకాలైతే ఇంకా ఎక్కువే. కాబట్టి ఎంత మందం అని కాదు, ఆనిక ఆనికకీ మధ్య దూరం ఎంత అని అడగండి. 18 మిమీ ప్లైకి 750 మిమీ లోపు పెట్టుకుంటే పుస్తకాలకి నిశ్చింత. సాగ్యులేటర్ అని ఆన్‌లైన్‌లో ఉంది, చెక్క రకం, కొలతలు, బరువు కొడితే ఎంత కుంగుద్దో అదే చెప్పేస్తుంది.

సగం_పని
నాలుగో ఘాతం దగ్గర ట్యాబ్ మూసేయబోయి ఆగా మాస్టారూ

కొత్తచేయి
మాస్టారూ థాంక్స్, కానీ నాకు బల్ల పొడుగంతా ఒకటే అర కావాలి, 1200. మధ్యలో అడ్డు పెడితే లుక్ పోద్దేమో. వేరే దారి లేదా?

లెక్కలమాస్టారు
ఉంది. అర ముందు అంచుకి గట్టి చెక్క పట్టీ ఒకటి నిలువుగా అతికించండి, 20 మిమీ మందం 40 మిమీ ఎత్తు. 250 మిమీ వెడల్పు 18 మిమీ ప్లై పలకకి ఎంత బిగువుందో దాదాపు అంత బిగువు ఆ సన్న పట్టీ ఒక్కదానికే ఉంటుంది, లెక్క వేసి చూసుకోండి, ఎత్తు మూడో ఘాతం కదా. జిగురుతో అతికి రెండూ ఒకటైతే ఇంకా పైన. ప్లై పొరల అంచు కూడా కనపడదు. అయినా 1200కి పూర్తి పుస్తకాలంటే పట్టీ ఉన్నా నేను మధ్యలో ఒక నిలువు పెడతా. లుక్ అంటారా, కుంగిన అరకి లుక్ ఎక్కడిది.

నాలుగో_ఫ్లోర్
మాస్టారు చెప్పిన పట్టీ నేనూ వేశా, టీవీ కింద యూనిట్‌కి. చూసినవాళ్ళంతా మొత్తం గట్టి చెక్క అనుకుంటారు. నేను కూడా అవునంటా.

జిగురుబాబు
కుంగడంలో ఇంకో సంగతి ఎవరూ చెప్పలే. పార్టికల్ బోర్డు పెట్టిన రోజు ఎంత కుంగిందో అక్కడితో ఆగదు, బరువు అట్లనే ఉంటే నెలలు గడిచేకొద్దీ ఇంకా కుంగుతది. ఎండీఎఫ్, అంటే చెక్క నారని జిగురుతోని నొక్కి చేసిన పలక, అది కూడా అంతే. ప్లై, గట్టి చెక్క ఈ విషయంల జర నయం. మీ పాత షెల్ఫు అరల్ని ప్రస్తుతానికి తిరగేసి పెట్టుండ్రి, వంపు పైకి వస్తది, బరువుకి మెల్లగ తిన్నగైతది. పర్మనెంట్ కాదు గని టైం దొరుకుతది.

కొత్తచేయి
తిరగేశా!! ఇంత సింపులా

తోపడా_తాత
అందరూ ప్లై ప్లై అంటున్నారు. బల్ల పైభాగమైనా గట్టి చెక్కతో చేసుకోమ్మా. ప్లై అంచు దెబ్బతింటే అతుకు తప్ప ఏముంది, చెక్క అయితే పదేళ్ళకి ఒకసారి చిత్రిక పట్టి మళ్ళీ కొత్తది చేసుకోవచ్చు. స్క్రూలు కూడా అక్కర్లేదు, ఒక ముక్కలో బెజ్జం తొలిచి రెండో ముక్కకి నాలుక తీసి బిగిస్తే మనుషులు పోయినా బల్ల ఉంటుంది.

పాకెట్‌స్క్రూ
తాతగారూ మీ మాట మీద గౌరవమే కానీ మొదటి బల్లకే బెజ్జం, నాలుక అంటే ఆవిడ ఉలి నూరడం నేర్చుకునేసరికి ఏడాది పోద్ది. పాకెట్ హోల్ జిగ్ ఒకటి తీసుకోండి, ఏటవాలుగా బెజ్జం పడుద్ది, స్క్రూ బిగిస్తే జాయింటు అయిపోయినట్టే. మెత్తటి చెక్కకీ ప్లైకీ వెడల్పు మరల స్క్రూ, గట్టి చెక్కకి సన్న మరలది, ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. నేను మంచం, రెండు బల్లలు దీంతోనే చేశా, కదలట్లా.

తోపడా_తాత
ఉలి నూరడానికి ఏడాదా? అద్దం ముక్క మీద గరుకు కాగితం అతికించి 25 డిగ్రీల వాలుతో నూరు, ముందు వీపు భాగం చదును చెయ్యి, ఒక మధ్యాహ్నం పని. కోపం లేదు బాబూ, కానీ మీ పాకెట్ బెజ్జాలు కింద వంగి చూస్తే బల్లకి ఎలక కొరికినట్టు ఉంటాయి.

సగం_పని
ఎలక 😂😂 నా బల్ల కిందకి ఎవరినీ వంగనివ్వను ఇకనుంచి

మూలమట్టం
ఇద్దరూ కరెక్టే, మెటీరియల్ బట్టి ఉంటుంది. ప్లైకి నాలుక తీసే జాయింటు పెద్దగా అర్థం లేని పని, పొరలు అడ్డంగా నిలువుగా మారుతుంటాయి కాబట్టి నాలుకలో సగం పొరలు తేలిగ్గా విరుగుతాయి. ప్లైకి జిగురు + స్క్రూ, లేదా 8 మిమీ డోవెల్స్ (గుండ్రటి చెక్క పుల్లలు). గట్టి చెక్క కాళ్ళు, పట్టీలు అయితే తాతగారి దారి. కొత్తచేయి గారికి ప్లై పెట్టెలాంటి బల్ల ఈజీ. రెండు పక్కల రెండు పలకలు, పైన ఒక పలక, వెనక అడ్డంగా ఒక పలక. నాలుగు కాళ్ళ బల్ల కంటే దీనికి జాయింట్లు తక్కువ.

జిగురుబాబు
జిగురు గురించి ఒక మాట, పేరు పెట్టుకున్నందుకు చెప్పాలె కద. తెల్ల పీవీఏ జిగురు సరిగ్గ పట్టినంక గ్రెయిన్ (చెక్క నార) పొడుగున అతికిన రెండు చెక్కల్ని విరగ్గొడితే అతుకు కాదు, పక్కన చెక్క విరుగుతది. అదే చెక్క చివరి కోత ముఖం మీద, అంటే నార తెగిన వైపు, పూస్తే జిగురు లోపలికి పీల్చుకుంటది, పట్టు తగ్గుతది. అందుకే అక్కడ స్క్రూనో డోవెలో తోడు పెట్టాలె. బిగించినంక కనీసం అరగంట, గంట క్లాంపులు తియ్యొద్దు, బరువు పెట్టేది మాత్రం ఒకరోజు ఆగినంకనే. బయటికి ఉబికిన జిగురు తడిబట్టతో తుడిచి చుట్టుపక్కల రుద్దకుండ్రి, మరక ఉంటది, మీద స్టెయిన్ పూస్తే అక్కడ పట్టదు. కొంచెం గట్టిపడ్డాక ఉలితో గీకేస్తే పెచ్చు లెక్క వచ్చేస్తది.

పాకెట్‌స్క్రూ
జిగురుబాబుతో తడిబట్ట విషయంలో ఒప్పుకోను. రంగు వేసే బల్లైతే తడిబట్టే బెస్ట్, రంగు కింద ఏమీ కనపడదు.

జిగురుబాబు
రంగుకైతే ఓకే. నేను పాలిష్ సంగతి చెప్తున్న.

కొత్తచేయి
బాబోయ్ ఒకటి అడిగితే ఇన్ని. సరే ప్లై పెట్టె బల్ల ఫిక్స్. పైభాగం మాత్రం తాతగారు చెప్పినట్టు టేకు పలకలు అతికించి చేస్తే ఎలా ఉంటుంది? కింద ప్లై, పైన టేకు. స్క్రూలతో గట్టిగా బిగించేయొచ్చా?

మూలమట్టం
ఆగండి ఆగండి. గట్టిగా బిగించకూడదు. చెక్క గాల్లో తేమని బట్టి వెడల్పులో పెరుగుద్ది తగ్గుద్ది, పొడుగులో దాదాపు మారదు. 600 మిమీ వెడల్పు టేకు పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు 4–5 మిమీ అటూ ఇటూ అవుతుంది. మిగతా చాలా చెక్కలకి ఇంతకన్నా ఎక్కువే, టేకు కదలిక తక్కువ రకం. కింద ప్లై కదలదు, పైన చెక్క కదులుతుంది, మధ్యలో స్క్రూ గట్టిగా పట్టుకుంటే ఏదో ఒకటి చీలాల్సిందే. నా ఫ్రెండ్ ఒకడు డైనింగ్ టేబుల్‌కి నాలుగు పక్కలా ఇనప ఫ్రేము పెట్టి చెక్కని దానికి బోల్టులేసి బిగించాడు, ఎండలు ముదిరాక మధ్యలో పలక నిలువునా పగిలింది, ఇప్పుడు ఆ పగులుకి రెజిన్ పోసి డిజైన్ అంటున్నాడు.

రంపపుపొట్టు
రెజిన్ టేబుళ్ళన్నిటి వెనకా ఇదే స్టోరీ అని నా అనుమానం

తోపడా_తాత
మూలమట్టం చెప్పింది నిజం. వెడల్పు కదలడానికి చోటివ్వాలి. స్క్రూ వెళ్ళే బెజ్జం కింది పలకలో గుండ్రంగా కాకుండా కోలగా, గ్రెయిన్‌కి అడ్డం దిశలో పొడుగ్గా తొలవాలి, వాషరు వేసి బిగించాలి, మరీ నొక్కేయకూడదు. వెనక అంచు దగ్గర గుండ్రటి బెజ్జం పెట్టి ముందు వైపు కోల బెజ్జాలు పెడితే వెనక భాగం గోడకి ఆని ఉంటుంది, కదలికంతా ముందుకే వస్తుంది. జెడ్ ఆకారం క్లిప్పులని కూడా దొరుకుతున్నాయిట ఈ మధ్య.

లెక్కలమాస్టారు
కొత్తచేయి గారూ నా సలహా, మొదటి బల్లకి పైభాగం కూడా ప్లైయే వేయండి. టేకు పలకలు అంచులు కలిసేలా తిన్నగా చిత్రిక పట్టాలంటే తాతగారి చెయ్యి కావాలి. వెనీరు ప్లై (పైన పల్చటి మంచి చెక్క పొర అతికించిన ప్లై) తీసుకుని ముందు అంచుకి టేకు పట్టీ అతికిస్తే చూపుకి చూపు, కదలిక బెడద లేదు. బల్ల ముందు కూడా ఆ 40 మిమీ పట్టీ వేయండి, మోచేతులు ఆనించినప్పుడు ఊగదు.

తోపడా_తాత
సరే, మొదటిదానికి ఒప్పుకుంటున్నా. రెండోదానికి ఒప్పుకోను.

కొత్తచేయి
ఒప్పుకున్నందుకు థాంక్యూ తాతగారూ. ఎత్తు ఎంత పెట్టాలి? నేను పొట్టి.

నాలుగో_ఫ్లోర్
బల్లలు మామూలుగా 720–760 మిమీ ఉంటాయి, కుర్చీ సీటు 430–460. కానీ మీ కుర్చీలో కూర్చుని మోచెయ్యి మడిచి నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి, అదే మీ బల్ల. సొంతంగా చేసుకోవడంలో ఉన్న సుఖమే అది. బల్ల కింద తొడలకి చోటు చూసుకోండి, ముందు పట్టీ ఎత్తు కూడా తీసేసి లెక్కేయాలి.

మూలమట్టం
కొలతల గురించి నేను వదలను. నాలుగు అంచులూ కొలిచాం సరిపోయింది అని చాలామంది అనుకుంటారు, అంచులన్నీ సమానంగా ఉండి కూడా బల్ల వాలిపోయి ఉండొచ్చు. మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవండి, రెండూ ఒకటే వస్తేనే చదరం. పెద్ద మూల చెక్ చేయాలంటే ఒక అంచు మీద 600, ఇంకో అంచు మీద 800 గుర్తు పెట్టండి, ఆ రెండు గుర్తుల మధ్య 1000 రావాలి. కొత్త మూలమట్టం కొన్నాక దాన్నీ నమ్మొద్దు. తిన్నగా ఉన్న అంచుకి ఆనించి గీత గీయండి, మూలమట్టం బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మంచిది, వీ లాగా విడిపోతే తిరిగిచ్చేయండి. మొదటి నుంచి చివరి దాకా ఒకటే టేపు వాడండి.

కొత్తచేయి
టేపు అంటే గుర్తొచ్చింది, నా టేపు చివర కొక్కెం లూజుగా ఉంది, అటూ ఇటూ కదులుతోంది. కొత్తది కొనాలా?

మూలమట్టం
వద్దు! అది లూజుగా ఉండాలనే అలా చేస్తారు. కొక్కెం మందం ఎంతో అంతే కదులుతుంది. బయట తగిలించి లాగితే బయటికి జరుగుతుంది, లోపలికి ఆనించి నొక్కితే లోపలికి జరుగుతుంది, రెండు రకాలుగా కొలిచినా తప్పు రాకుండా.

సగం_పని
మా బావ ఆ కొక్కేన్ని సుత్తితో కొట్టి గట్టిగా బిగించేశాడు. అప్పట్నుంచీ ఆయన కొలతలన్నీ ఆయన సొంత మిల్లీమీటర్లలోనే ఉంటాయి

పాతకుర్చీ
లేటుగా వచ్చా. పాత షెల్ఫుని పారేయకండి ప్లీజ్. నాకు కొత్తవి చేయడం కంటే ఉన్నవాటిని మార్చుకోవడమే ఇష్టం, బిగినర్లకి అదే మంచి బడి. మీ కుంగిన అరలకి మాస్టారు చెప్పిన పట్టీ ముందు వేయండి, మధ్యలో నిలువు పెట్టండి, వెనక పల్చటి అట్ట తీసేసి 6 మిమీ ప్లై కొట్టండి, ఊగడం ఆగిపోద్ది. తలుపులు పెట్టాలనుకుంటే కప్ హింజ్‌లకి 35 మిమీ బెజ్జం కావాలి, దానికి ఫోర్స్‌నర్ బిట్, అంటే అడుగు చదునుగా పెద్ద బెజ్జం వేసే డ్రిల్లు బిట్టు, ఒకటి కొంటే చాలు. పక్క పలకల్లో వరసగా చిన్న బెజ్జాలు ఉంటాయి చూడండి, 5 మిమీవి, ఒకదానికొకటి 32 మిమీ దూరం. చాలా రెడీమేడ్ పెట్టెల్లో అదే కొలత, హ్యాండిళ్ళ స్క్రూల దూరం కూడా 96, 128, 160 అని దాని గుణిజాల్లోనే వస్తుంటాయి. అందుకని హ్యాండిల్ మార్చేటప్పుడు పాతదాని దూరం కొలుచుకుని వెళ్తే కొత్త బెజ్జాలు వేసే పనే ఉండదు.

రంపపుపొట్టు
రెడీమేడ్ అట్టపెట్టెల మీద అంత ప్రేమేంటి మీకు

పాతకుర్చీ
తిట్టకండి, దాని వెనకా బుర్ర ఉంది. ఐకియాలో గిల్లిస్ లండ్‌గ్రెన్ అని డిజైనరు, 1956లో బల్ల కారులో పట్టట్లేదని కాళ్ళు ఊడదీశాడు, విప్పి పెట్టెలో పెట్టి అమ్మడం వాళ్ళకి అక్కణ్ణుంచి ఊపందుకుంది. బిల్లీ షెల్ఫు కూడా ఆయనదే, 1979. మన జనం దానికి తలుపులేసి, పట్టీలేసి, రంగేసి గోడంతా కట్టుడు లైబ్రరీలా చేస్తున్నారంటే పెట్టె ఎంత సాదాగా ఉంటే మార్చుకోడానికి అంత వీలు అన్నమాట.

లెక్కలమాస్టారు
బిల్లీ 80 సెం.మీ. వెడల్పుది ఉంది, 40ది కూడా ఉంది. పుస్తకాలు బరువైతే 40ది రెండు కొనమంటా, కారణం పైన చెప్పేశా 🙂

కొత్తచేయి
నా పాతదానికి పైన మెరిసే లామినేట్ ఉంది, రంగు పడుద్దా?

పాతకుర్చీ
నేరుగా వేస్తే గోరుతో గీకితే వచ్చేస్తుంది. ముందు జిడ్డు పోయేలా కడిగి ఆరబెట్టండి, 220 నంబరు గరుకు కాగితంతో (నంబరు పెరిగేకొద్దీ సన్నం) మెరుపు పోయేదాకా రుద్దండి, దుమ్ము తుడిచి నున్నటి ఉపరితలాల మీద పట్టే ప్రైమర్, షెల్లాక్ (లక్క) ఆధారంగా ఉన్నదైతే ఇంకా మంచిది, అది వేసి అప్పుడు రంగు. వెంటనే బరువులు పెట్టొద్దు, ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ పూర్తిగా గట్టిపడ్డానికి టైం పడుద్ది, అరల మీద పుస్తకాలు అతుక్కుంటాయి. స్క్రూ బెజ్జాలు వదులైపోయుంటే జిగురు పూసిన చిన్న డోవెల్ దిగ్గొట్టి, ఆరాక కోసేసి, మళ్ళీ కొత్త బెజ్జం వేయండి.

నాలుగో_ఫ్లోర్
కొత్తచేయి గారూ మీరూ ఫ్లాట్‌లోనా? సాండింగ్ బాల్కనీలో పెట్టుకోండి, మాస్క్ తప్పనిసరి. సర్జికల్ మాస్క్ కాదు, ఎన్95. చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టారు, ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన సంస్థ) వాళ్ళు 1995లోనే. ఎండీఎఫ్ పొడి ఇంకా సన్నం, అందులో జిగురు కూడా ఉంటుంది. నేను మొదట్లో లైట్ తీసుకునేవాణ్ణి, ఓ రోజు సాండింగ్ అయ్యాక కర్టెన్లు దులిపితే ఊపిరాడలేదు.

రంపపుపొట్టు
అసలు ఆ యూజర్ నేమ్ పెట్టుకున్న నాకు ఇది పర్సనల్‌గా తగిలింది

తోపడా_తాత
గరుకు కాగితం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి అమ్మాయికి. గట్టి చెక్కయితే 80, 120, 180, కావాలంటే 220, ఎప్పుడూ గ్రెయిన్ వెంటే. అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ పడ్డాక గానీ కనపడవు, కనపడ్డాక ఇక పోవు. వెనీరు ప్లైకి 80 ముట్టుకోవద్దు. పైపొర అర మిల్లీమీటరు కూడా ఉండదు చాలా వాటికి, రెండు రుద్దులకి కింద పొర బయటపడుతుంది. 150తో మొదలుపెట్టి 220తో ఆపు.

కొత్తచేయి
తర్వాత ఏం పూయాలి? ఒకాయన వీడియోలో నూనె పూసి గుడ్డతో తుడిచాడు, భలే మెరిసింది, వెంటనే కొనేయాలనిపించింది.

పాకెట్‌స్క్రూ
రాతబల్లకి నీళ్ళ ఆధారిత పీయూ, అంటే పాలియురేతేన్ పాలిష్. రెండు మూడు పల్చటి కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య 320తో మెల్లగా ఒక రుద్దు. కప్పు పెట్టినా మరక పడదు.

తోపడా_తాత
ప్లాస్టిక్ తొడుగేసినట్టుంటుంది. నూనె అయితే చెక్క చెక్కలాగే ఉంటుంది, గీత పడితే అక్కడికక్కడ మళ్ళీ పూసుకోవచ్చు.

పాకెట్‌స్క్రూ
ప్రతి ఏడాదీ పూసుకోవచ్చు కూడా, పూయక తప్పదు కాబట్టి 😄

జిగురుబాబు
ఏదన్న పూయుండ్రి గని నూనె అయితే గుడ్డల సంగతి జాగ్రత్త. అవిసె నూనె, అట్ల ఆరే నూనెలు ఏవైన సరే, పూసిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకుంటది, అగ్గిపుల్ల అక్కర్లే. ఆరుడంటేనే గాలిల ఆక్సిజన్‌తోని కలుసుడు, అప్పుడు వేడి పుడుతది, ఉండలో ఆ వేడి బయటికి పోదు. ఒక్కొక్క గుడ్డ విప్పి బయట పరిచి గట్టిపడేదాక ఆరబెట్టుండ్రి, లేకుంటె నీళ్ళు పోసిన మూత ఇనప డబ్బాల వేయుండ్రి. ఇది జోకు కాదు, ఈ థ్రెడ్‌ల మిగతావన్ని మర్చిపోయినా ఇది మర్చిపోకుండ్రి.

సగం_పని
సీరియస్‌గా ఇది నాకు తెలీదు. ఇప్పుడే లేచి వెళ్ళి డబ్బా చూసొచ్చా.

కొత్తచేయి
వామ్మో. నాకు పీయూ చాలు. ఇదిగో నా లిస్టు, 18 మిమీ షీటు ఒకటి:
పైభాగం 1200 × 600 ఒకటి
పక్కలు 722 × 580 రెండు (పైభాగం 18 కలిపితే 740 ఎత్తు)
వెనక అడ్డం పలక 1200 × 300 ఒకటి
పుస్తకాల అర 1200 × 250 ఒకటి
దాని కింద నిలువులు 350 × 250 మూడు (మాస్టారి మాట విన్నా, మధ్యలో ఒకటి పెడుతున్నా)
షీటు వెడల్పు 1220 కాబట్టి నిలువునా రెండు 600 పట్టీలు కోయించి, ఆ పట్టీల్లోంచి మిగతావి. సరిపోయిందా?

మూలమట్టం
బాగుంది, ఒక్కటి తప్పు. వెనక అడ్డం పలక రెండు పక్కల మధ్యలో కూర్చుంటుంది కదా, 1200 పెడితే ఎక్కడ పడుతుంది? 1200లోంచి రెండు మందాలు తీసేయాలి, 1164. అదీ ప్లై నిజంగా 18 ఉంటేనే. చాలాసార్లు 18 అని అమ్మేది కొలిస్తే తక్కువుంటుంది, అందుకని షీటు చేతికొచ్చాక కాలిపర్‌తో (మందం కొలిచే పనిముట్టు) కొలిచి అప్పుడు ఈ పలక కొలత ఫైనల్ చేయండి.

లెక్కలమాస్టారు
రంపం తినేది కూడా లెక్కలో ఉందా చూశా, ఉంది. కోతకి 3 మిమీ అనుకుంటే రెండు పట్టీలకి 1203, షీటు 1220, ఓకే. ఒక పట్టీలో పైభాగం 1200, పక్క 722, రెండు కోతలు 6, ఇంకా 512 మిగులుద్ది. రెండో పట్టీలో అర, అడ్డం పలక పక్కపక్కనే పడతాయి (250 + 300 + కోత), తర్వాత రెండో పక్క, మళ్ళీ 512 మిగులు. నిలువులు మూడూ ఆ మిగులు ముక్కల్లోనే వచ్చేస్తాయి. ఒకటి మర్చిపోయారు, పై అర వెనకాల ఏమీ లేదు. నిలువులు మూడూ జిగురు మీదే నిలబడితే పక్కకి తోస్తే వాలిపోద్ది. మిగులులోంచి 573 × 100 పట్టీలు రెండు కోయించి నిలువుల మధ్య వెనక బిగించండి. పుస్తకాలు వెనక్కి పడిపోకుండా కూడా ఉంటాయి.

కొత్తచేయి
573 ఎలా వచ్చింది?

లెక్కలమాస్టారు
1200లోంచి మూడు నిలువుల మందం 54 తీసేసి రెండుతో భాగించండి.

పాకెట్‌స్క్రూ
స్క్రూ వేసేప్పుడు పైన పలకలో బెజ్జం స్క్రూ కంటే కొంచెం పెద్దది, కింద పలక అంచులో సన్నది. 4 మిమీ స్క్రూ, 50 పొడుగు అనుకుంటే పైన 4.5, కింద 2.5–3. రెండూ సన్నవే వేస్తే మర రెండు పలకల్నీ పట్టుకుని మధ్యలో సందు అలాగే ఉండిపోద్ది, ఎంత బిగించినా దగ్గరికి రాదు. బెజ్జం లేకుండా ప్లై అంచులోకి దింపితే పొరలు విడిపోతాయి. తల దిగడానికి కౌంటర్‌సింక్ బిట్టు మర్చిపోకండి.

తోపడా_తాత
లిస్టులో కొలతతో పాటు ప్రతి ముక్కకీ గ్రెయిన్ ఎటు ఉండాలో బాణం గీసి ఇవ్వమ్మా. లేకపోతే కోసేవాడు షీటు ఆదా అయ్యేలా కోస్తాడు, ఒక పక్క గ్రెయిన్ నిలువుగా ఒక పక్క అడ్డంగా వస్తుంది. పక్కలకి నిలువు, పైభాగానికి పొడుగు వెంట.

నాలుగో_ఫ్లోర్
ఇంకోటి, పాత షెల్ఫు ఎత్తుగా ఉంటే గోడకి ఎల్ క్లాంపుతో బిగించండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు ఆలోచించకండి, అరలు ఎక్కేస్తారు, మొత్తం మీద పడుద్ది. కొత్త అర కూడా బల్లకి స్క్రూ చేసేయండి.

కొత్తచేయి
1164 రాసుకున్నా, బాణాలు గీశా, పట్టీలు కలిపా. రేపు వెళ్ళి కోయిస్తా.

సగం_పని
ఈ థ్రెడ్ హైజాక్ చేస్తున్నా సారీ. ఇలాంటి బల్లకే కింద సొరుగు పెట్టాలంటే పెట్టె ఎంత వెడల్పు చేయాలి? చానెల్స్ తెచ్చి పెట్టుకుని చాలా రోజులైంది

పాతకుర్చీ
పక్కకి బిగించే బాల్ బేరింగ్ చానెల్సేనా? మామూలుగా ఒక్కో పక్క 12.5–13 మిమీ పోద్ది. సొరుగు పట్టే ఖాళీ కొలిచి అందులోంచి 26 తీసేయండి, అదే సొరుగు పెట్టె బయటి వెడల్పు. మిల్లీమీటరు తక్కువైతే పల్చటి ముక్క వేసి సర్దుకోవచ్చు, ఎక్కువైతే మాత్రం ఇరుక్కుంటుంది, కాబట్టి తక్కువకే చూసుకోండి. ముందు ఖాళీని పైన, కింద, వెనక మూడు చోట్లా కొలవండి.

సగం_పని
పైన 412, కింద 409

మూలమట్టం
సొరుగు తర్వాత, ముందు కర్ణాలు కొలవండి.